పేస్‌మేకర్ పెట్టించుకున్న నాన్నగారికి ఫోన్ మాన్పించాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారికి 68 ఏళ్లు, పేస్‌మేకర్ పెట్టి పదకొండు రోజులైంది. డిశ్చార్జ్ చేసేటప్పుడు "సెల్‌ఫోన్ దూరంగా ఉంచండి" అని ఒక్క మాట చెప్పి పంపించారు. ఆ మాట పట్టుకుని అమ్మగారు ఆయన ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశారు. మనవడి ఐఫోన్‌ని హాల్లోకి రానివ్వడం లేదు. ఎదురింటి మేడ మీద టవర్ ఉందని ఆయన పడుకునే గది కూడా మార్చేశారు. పెట్రోల్ బంకుకి వెళ్లొచ్చా, అమ్మగారి చేతికున్న షుగర్ సెన్సార్ వల్ల ఆయనకేమైనా అవుతుందా అని కూడా అడిగారు.

నేను 19 ఏళ్లుగా పేస్‌మేకర్ క్లినిక్‌లో టెక్నీషియన్‌ని. బ్యాటరీ పెట్టించుకున్నవాళ్లు మూడు నెలలకో ఆరు నెలలకో చెకింగ్‌కి వస్తారు కదా, వాళ్ల మిషన్‌ని కంప్యూటర్‌కి కలిపి చూసేది మేమే. అందుకే ముందే తేల్చి చెబుతున్నాను. ఆ ఫోన్ బీరువాలోంచి తీసి ఈరోజే ఆయన చేతికి ఇవ్వండి. మార్చాల్సింది జేబు.

మన చొక్కాలకి జేబు ఎడమవైపు ఉంటుంది. పేస్‌మేకర్‌ని కూడా ఎక్కువమందికి ఎడమవైపే, కాలర్ ఎముక కింద చర్మం లోపల పెడతారు. అంటే చొక్కా జేబులో ఫోన్ పెట్టుకుంటే ఫోన్‌కీ మిషన్‌కీ మధ్య ఉండేది బనియన్, చర్మం, అంతే. పైగా ఆయన వంగినప్పుడల్లా ఫోన్ వచ్చి దానికి ఆనుకుంటుంది. డాక్టర్ చెప్పిన "దూరంగా" అన్న మాటకి అసలు అర్థం ఇదే. ఆ జేబులో వద్దు అని. ఇంట్లోనే వద్దు అని కాదు.

ఆడవాళ్ల విషయం మా దగ్గర ఇంకా ఎక్కువ ఇబ్బంది. జాకెట్లో ఎడమవైపు ఫోన్ దోపుకునే అలవాటు చాలామందికి ఉంది. అడిగితే సిగ్గుపడి చెప్పరు. చెకింగ్‌కి వచ్చినప్పుడు బయటికి తీసి పక్కన పెడితే అప్పుడు తెలుస్తుంది. రొంటిన దోపుకోమని, లేకపోతే చేతిసంచిలో వేసుకోమని చెబుతాను.

దూరం ఎంత అంటే ఆరు అంగుళాలు, 15 సెంటీమీటర్లు. పెద్దవాళ్లకి అంగుళాలూ సెంటీమీటర్లూ చెబితే గుర్తుండవు. నేను మాత్రం "జానెడు" అని చెబుతాను. చేయి గుండె మీద పెట్టి బొటనవేలు, చిటికెనవేలు చాపి చూపిస్తాను. జానెడు అంటే ఎనిమిది తొమ్మిది అంగుళాలు వస్తుంది కాబట్టి కావాల్సినదానికంటే ఎక్కువే. ప్యాంటు జేబు, లాల్చీ పక్క జేబు, చేతిసంచి ఏదైనా సరే. మాట్లాడేటప్పుడు కుడిచెవి దగ్గర పెట్టుకోమనండి. పేస్‌మేకర్ కుడివైపు పెట్టి ఉంటే ఎడమచెవి. నాన్నగారు ప్యాంటు వేసుకోరు, పంచె కడతారు అని రాశారు కాబట్టి దర్జీ చేత లాల్చీకి కిందుగా పక్క జేబు కుట్టించండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, జేబు లేకపోతే వారం తిరక్కుండా ఫోన్ మళ్లీ చొక్కా జేబులోకే వస్తుంది. ఎన్నిసార్లు చూశానో.

ఇప్పుడు ఈ జానెడు దూరం ఎందుకో చెబుతాను. కారణం తెలిస్తేనే అమ్మగారి భయం తగ్గుతుంది.

పేస్‌మేకర్ ఎప్పుడూ గుండెను వింటూ ఉంటుంది. గుండె తనంతట తాను కొట్టుకుంటే ఊరికే ఉంటుంది, ఆలస్యమైతే తను అందుకుని కొట్టిస్తుంది. అది వినే సంకేతం చాలా చిన్నది, కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. పాత ఫోన్లు రేడియో పక్కన పెడితే కాల్ రాబోయే ముందు టకటకమని, బర్రుమని చప్పుడు వచ్చేది గుర్తుందా? 2జీ ఫోన్ సెకనుకి 217 సార్లు ఆగి ఆగి సిగ్నల్ పంపేది, ఆ దెబ్బకి రేడియోలో అలా మోగేది. అలాంటి సిగ్నల్ పేస్‌మేకర్ వైర్లకి మరీ దగ్గరగా ఉంటే, మిషన్ దాన్ని గుండె చప్పుడని పొరబడి "కొట్టుకుంటోందిలే" అని ఊరుకునే ప్రమాదం ఉంటుంది. అసలు భయం అది. ఫోన్ వల్ల పేస్‌మేకర్ కాలిపోవడం, పేలిపోవడం లాంటివేమీ జరగవు.

దీన్ని ఎప్పుడో పరీక్షించారు. 1997లో అమెరికా డాక్టర్లు 980 మంది పేస్‌మేకర్ పేషెంట్ల మీద, 5,533 సార్లు ఫోన్ పెట్టి చూసిన ఫలితాలు ప్రచురించారు. నూటికి ఇరవై సార్లు ఏదో ఒక తేడా కనిపించింది. మొత్తం మీద పట్టించుకోవాల్సినంత తేడా నూటికి ఆరేడు సార్లే. ఫోన్‌ని మామూలుగా చెవి దగ్గర పెట్టినప్పుడు అలాంటి తేడా ఒక్కసారి కూడా రాలేదు. అవి ఆనాటి ఫోన్లు, ఆనాటి పేస్‌మేకర్లు. ఆ తర్వాత పేస్‌మేకర్లలో ఇలాంటి సిగ్నల్‌ని ఆపే ఫిల్టర్లు బాగా మెరుగయ్యాయి. 2జీ ఫోన్ గరిష్ఠంగా 2 వాట్ల దాకా పంపేది, ఇప్పటి 4జీ ఫోన్ సుమారు 0.2 వాట్లు. అంటే పదో వంతు. సిగ్నల్ సంగతి చూస్తే, ఈ 19 ఏళ్లలో రోజురోజుకీ నాకు భయం తగ్గుతూనే వచ్చింది.

అయస్కాంతం సంగతి వేరు. దాని మీద నాకు భయం పెరిగింది.

ప్రతి పేస్‌మేకర్‌లోనూ అయస్కాంతాన్ని గుర్తుపట్టే ఏర్పాటు కావాలనే పెడతారు. మా క్లినిక్ సొరుగులో గారె ఆకారంలో మధ్యన చిల్లు ఉన్న అయస్కాంతం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని పేషెంట్ గుండె మీద పెడితే పేస్‌మేకర్ వినడం మానేసి, గుండె కొట్టుకున్నా కొట్టుకోకపోయినా ఒకే వేగంతో కొట్టించడం మొదలుపెడుతుంది. కంపెనీని బట్టి 85 అనో 100 అనో ఆ వేగం ఉంటుంది, దాన్ని చూసి బ్యాటరీ ఎలా ఉందో చెబుతాం. అయస్కాంతం తీసేస్తే వెంటనే మామూలు పద్ధతికి వచ్చేస్తుంది. మేమే రోజూ చేసే పని ఇది. అందుకే పొరపాటున అయస్కాంతం తగిలిందని ఎవరైనా ఏడుస్తూ ఫోన్ చేస్తే, తీసేశారు కదా, ఇక ఏమీ కాదని ధైర్యంగా చెప్పగలుగుతాను.

ఐసీడీ అయితే అంత తేలిగ్గా తీసుకోకూడదు. అది పేస్‌మేకర్ కంటే కాస్త పెద్ద మిషన్, గుండె ప్రమాదకరంగా పరుగెత్తినప్పుడు లోపలి నుంచే షాక్ ఇచ్చి కాపాడుతుంది. అయస్కాంతం మీద ఉన్నంతసేపు అది ఆ షాక్ ఇవ్వదు. సరిగ్గా ఆ సమయంలోనే గుండె లయ తప్పితే మిషన్ ఉండీ లేనట్టే. అందుకే నాన్నగారికి మిషన్ పెట్టినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చిన కార్డు తీసి, అందులో ఏం రాసి ఉందో ముందు చూడండి. అందరూ "బ్యాటరీ పెట్టారు" అనే చెబుతారు, చాలామంది ఇళ్లలో అది పేస్‌మేకరో ఐసీడీయో తెలియదు.

ఫోన్లలోకి ఈ అయస్కాంతం గట్టిగా వచ్చింది 2020 అక్టోబరులో, ఐఫోన్ 12తో. వెనకవైపు ఛార్జర్ అతుక్కోవడానికి గుండ్రంగా అయస్కాంతాలు పెట్టారు. 2021 జనవరిలో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి డాక్టర్లు ఆ ఫోన్‌ని ఒక ఐసీడీ పేషెంట్ ఛాతీ మీదికి తెస్తే, మిషన్ షాక్ ఇచ్చే పని ఆపేసిందని రాశారు. అదే ఏడాది మే నెలలో అమెరికాలో మందులనీ వైద్య పరికరాలనీ నియంత్రించే ఎఫ్‌డీఏ కూడా ఫోన్లూ స్మార్ట్‌వాచ్‌లూ ఆరు అంగుళాల దూరంలో ఉంచమని చెప్పింది. ఆపిల్ కంపెనీ తనే, మామూలుగా 15 సెంటీమీటర్లు, వైర్‌లెస్ ఛార్జింగ్ అవుతుంటే 30 సెంటీమీటర్లు దూరం ఉంచమంటోంది. మన లెక్కలో ఫోన్‌కి జానెడు, ఛార్జింగ్ ప్యాడ్‌కి మూరెడు. కాబట్టి మనవడి ఐఫోన్ హాల్లోకి రావచ్చు, తాతగారి పక్కన కూర్చుని ఫొటోలు చూపించవచ్చు. తాతగారి గుండెల మీద పడుకుని వీడియోలు చూడడం మాత్రం వద్దని వాడికి అర్థమయ్యేలా చెప్పండి. పిల్లలు చెబితే వింటారు.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టేవి ఫోన్లు కావు, ఫోన్ చుట్టూ ఉండే సామాన్లు. నాలుగేళ్ల కిందట ఒకాయన వచ్చారు, ఐసీడీ ఉన్నాయన. ఇంట్లో రాత్రిపూట బీప్ వస్తోంది, ఎక్కడి నుంచో తెలియడం లేదని భార్య చెప్పింది. గోడగడియారంలో బ్యాటరీలు మార్చారట, ఇన్వర్టర్ మనిషిని పిలిపించారట. కొడుకు ఫోన్లన్నీ ఆఫ్ చేసి చూశాడట. చివరికి ఆవిడ ఆయన ఛాతీకి చెవి ఆనిస్తే లోపలి నుంచి వినిపించింది. ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. కొన్ని ఐసీడీలు అయస్కాంతం తగిలితే అలా బీప్ కొడతాయి. ఆయన పడుకుని ఫోన్‌లో ప్రవచనం పెట్టుకుని, ఫోన్‌ని గుండెల మీద బోర్లించి వింటూ నిద్రపోయేవారు. ఫోన్ మామూలుదే, అయస్కాంతం లేదు. కానీ దాని కవర్‌కి వెనక వేలు దూర్చుకునే రింగు ఉంది, కారులో స్టాండుకి అతుక్కునేలా ఆ రింగు కింద అయస్కాంతం ఉంది. నేను ఆ కవర్‌ని ఆయన మిషన్ మీదికి తెచ్చాను. గదిలో అందరికీ బీప్ వినిపించింది. తీశాను, ఆగిపోయింది. ఆవిడ కవర్ ఊడదీసి నా టేబుల్ మీదే వదిలేసి వెళ్లిపోయారు.

ఆ కవర్ లాంటివి ఇంట్లో ఇంకేమున్నాయో వెతకండి. పర్సులా మూసుకునే ఫోన్ కవర్ల అంచున చిన్న అయస్కాంతం ఉంటుంది. ఇయర్‌బడ్స్ డబ్బాలో ఉంటుంది, దాన్నీ మనవాళ్లు చొక్కా జేబులోనే వేసుకుంటారు. అన్నిటికంటే మెడలో వేసుకునే నెక్‌బ్యాండ్ చూడండి. వాడనప్పుడు రెండు చెవి బుడిపెలూ టక్కున అతుక్కుని, సరిగ్గా గుండెల మీద వేలాడుతుంటాయి. అతుక్కున్నాయంటే అయస్కాంతమే కదా. హెడ్‌ఫోన్లు మూడు సెంటీమీటర్ల లోపు ఉంటే పేస్‌మేకర్లూ ఐసీడీలూ తేడా చూపించవచ్చని బోస్టన్ డాక్టర్లు 2008లోనే చెప్పారు. చెవిలో పెట్టుకుంటే ఏ బాధా లేదు. తీసేశాక మెడలో వేలాడదీసుకోవడమే తప్పు. నాన్నగారికి నెక్‌బ్యాండ్ ఉంటే వైరు ఉన్నదో, ఇంకోటో కొనివ్వండి, అది కూడా వాడాక టేబుల్ మీద పెట్టేయమనండి.

టవర్ సంగతి. అమ్మగారిని గది మార్చనక్కర్లేదని చెప్పండి. ఎదురింటి మేడ మీది టవర్ నుంచి ఆయన మంచం దాకా వచ్చేసరికి ఆ సిగ్నల్ ఎంతో పలచబడిపోతుంది, పేస్‌మేకర్‌ని తికమక పెట్టే స్థాయికి దరిదాపుల్లో కూడా ఉండదు. పైగా మన దేశంలో 2012 సెప్టెంబరు నుంచి టవర్ల రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకి తగ్గించారు. ఇంకో మాట. టవర్ దగ్గరగా ఉంటే ఫోన్ తక్కువ శక్తితో మాట్లాడుతుంది. సిగ్నల్ అందక ఒక్క గీత మాత్రమే ఉన్నచోట ఫోన్ గట్టిగా అరవాల్సి వస్తుంది. కాబట్టి ఆ టవర్ మీ ఇంటి ఫోన్లని నెమ్మదిగా మాట్లాడిస్తోందనే అనుకోవచ్చు.

వంటగదిలో ఇండక్షన్ స్టవ్ ఉంటే మాత్రం ఆయన దాని మీదికి వంగకూడదు. రెండు అడుగులు, అంటే చేయి చాచినంత దూరం ఉంటే చాలు. టీవీ, ఫ్రిజ్, మిక్సీ, వైఫై డబ్బా గురించి ఆలోచించకండి.

అమ్మగారి షుగర్ సెన్సార్ గురించి మీరు అడిగిన ప్రశ్నని నేను తిప్పి అడుగుతాను. ఆ సెన్సార్ పంపే బ్లూటూత్ చాలా బలహీనమైనది, నాన్నగారికి దానివల్ల ఏమీ కాదు. కానీ నాన్నగారికి ఏమవుతుందోనన్న భయంతో అమ్మగారు తన ఫోన్ కూడా వేరే గదిలో పెడుతున్నారా? అలా అయితే ప్రమాదం ఆవిడకి. సెన్సార్ నుంచి ఫోన్ ఇరవై ముప్పై అడుగులు దాటినా, మధ్యలో గోడలు అడ్డొచ్చినా లింక్ తెగిపోతుంది. రాత్రి షుగర్ పడిపోతే మోగాల్సిన అలారం మోగదు. 2025 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ సరిగ్గా దీని గురించే హెచ్చరించింది. ఫోన్ సెట్టింగుల వల్ల షుగర్ పేషెంట్లకి అలారాలు వినపడకుండా పోతున్నాయని. ఫోన్ సైలెంట్‌లో ఉండడం, డోంట్ డిస్టర్బ్ ఆన్‌లో ఉండడం, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ కనెక్ట్ అయి అలారం అందులోకి వెళ్లడం, ఫోన్ అప్‌డేట్ అయ్యాక నోటిఫికేషన్లు వాటంతటవే ఆగిపోవడం, ఇవన్నీ జరుగుతుంటాయి. మన దగ్గర తక్కువ ధర ఫోన్లలో బ్యాటరీ సేవర్ ఒకటి ఉంటుంది, అది వెనకాల నడిచే యాప్‌లని ఆపేస్తుంది. ఈరోజు రాత్రి అమ్మగారి ఫోన్ తీసుకుని షుగర్ యాప్‌కి బ్యాటరీ సేవర్ నుంచి మినహాయింపు ఇవ్వండి. నోటిఫికేషన్లు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి, వాల్యూమ్ పెంచండి. ఫోన్ ఆవిడ మంచం పక్క స్టూలు మీద ఉండాలి. నాన్నగారు అదే మంచం మీద పడుకున్నా పర్వాలేదు, దిండు కింద మాత్రం వద్దు.

పెట్రోల్ బంకు దగ్గర ఫోన్ వాడొద్దనే బోర్డుకీ పేస్‌మేకర్‌కీ సంబంధం లేదు. అది పెట్రోల్ ఆవిరి గురించి. నిజానికి ఫోన్ వల్లే బంకులో మంట లేచిందని రుజువైన సంఘటన ఏదీ తమకి దొరకలేదని, ఎక్కువ మంటలు ఒంటి మీది స్టాటిక్ కరెంటు వల్ల వచ్చినవేనని అమెరికాలోని పెట్రోలియం ఎక్విప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ చెప్పింది. అయినా బోర్డు పెట్టారు కాబట్టి పాటించండి. పెట్రోల్ కొట్టించుకుంటూ మాట్లాడడం మానేసి, బండి పక్కకి తీశాక స్కాన్ చేసి డబ్బులు కట్టండి.

ఇంట్లో గ్యాస్ లీక్ అయినప్పుడు మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది, కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. గాలిలో రెండు శాతం కలిస్తే చాలు, ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. వాసన రాగానే ఫోన్ లైటు వేసి సిలిండర్ దగ్గర వెతకడం, వంటగదిలోనే నిలబడి ఏజెన్సీకి ఫోన్ చేయడం చాలామంది చేస్తారు. లైటు స్విచ్ కూడా ముట్టుకోకూడదు, వేయకూడదు, ఆపకూడదు. చేతికి అందితే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చాకే 1906కి ఫోన్ చేయండి. అది గ్యాస్ లీకులకి ఉన్న ఎమర్జెన్సీ నంబరు.

ఆసుపత్రిలో ఐసీయూ దగ్గర ఫోన్ ఆపమంటే వాదించకండి. 2007లో ఆమ్‌స్టర్‌డామ్ డాక్టర్లు 61 రకాల ఐసీయూ యంత్రాలని ఫోన్ సిగ్నల్‌తో పరీక్షిస్తే 26 యంత్రాల్లో ఏదో ఒక తేడా వచ్చింది. సగం సందర్భాల్లో ఆ తేడా మూడు సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చాకే వచ్చింది. వెంటిలేటర్ మీద, మందు ఎక్కించే పంపు మీద ఫోన్ పెట్టకపోవడం, మీటరు దూరంలో ఉండడం అందుకే. ఎంఆర్‌ఐ గదిలోకైతే ఫోనే కాదు, తాళంచెవి కూడా తీసుకెళ్లకూడదు. ఎంఆర్‌ఐ మిషన్‌లో ఉండే పెద్ద అయస్కాంతం, మిషన్ వాడనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో ఒక పేషెంట్ బంధువు ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. నాన్నగారికి ఎప్పుడైనా ఎంఆర్‌ఐ రాస్తే, పేస్‌మేకర్ ఉందని ముందే చెప్పి కార్డు చూపించండి. కొన్ని మోడల్స్‌కి తీయొచ్చు, కానీ ముందు మాలాంటివాళ్లు వచ్చి సెట్టింగు మార్చాలి.

ఇంకో మూడు పనులు చేయండి. ఆ కార్డుకి ఫొటో తీసి ఆయన ఫోన్‌లో, మీ ఫోన్‌లో పెట్టుకోండి. ఫోన్ లాక్ స్క్రీన్ మీద కనిపించే ఎమర్జెన్సీ సమాచారంలో పేస్‌మేకర్ ఉందని, మీ నంబరు, రాయండి. ఆయన వాడే మందుల పేర్లు కూడా అక్కడే. ఎక్కడైనా కళ్లు తిరిగి పడిపోతే 108 వాళ్లు చూసేది అదే. ఫోన్ బీరువాలో ఉంటే ఇవేవీ పనికిరావు.

ఫోన్ దగ్గరగా ఉన్నప్పుడు ఆయనకి కళ్లు తిరిగినట్టు, గుండె తప్పినట్టు అనిపిస్తే వెంటనే దాన్ని అవతల పెట్టమనండి. టైము రాసి పెట్టండి. చెకింగ్‌లో ఆ టైముకి మిషన్‌లో ఏమైనా నమోదైందేమో చూస్తారు. మొదటి చెకింగ్‌కి వెళ్లేటప్పుడు ఆయన ఫోన్, దాని కవర్, నెక్‌బ్యాండ్, మనవడి ఐఫోన్ అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. టెక్నీషియన్‌ని అడిగితే ఒక్కొక్కటీ దగ్గరికి తెచ్చి, ఏది ఎంత దూరంలో తేడా చూపిస్తుందో స్క్రీన్ మీద చూపిస్తారు. అమ్మగారిని కూడా లోపలికి తీసుకెళ్లండి. ఆవిడ కళ్లతో చూడాలి.

ఇప్పటికి పదకొండు రోజులే కాబట్టి, మీరు రోజూ చూడాల్సింది కుట్టు. అక్కడ ఎర్రబడినా, వాచినా, నీరు కారినా, జ్వరం వచ్చినా ఆరోజే డాక్టర్‌కి చూపించండి. ఎడమచేయి భుజం పైకి ఎత్తడం, బరువులు మోయడం ఎన్ని వారాలు మానాలో డాక్టర్ చెప్పి ఉండకపోతే ఫోన్ చేసి అడగండి, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు అంటారు.